కాంస్యపురిలో తలలు అద్దెకు

విషపు తీగల అడవిని దాటి, మొసళ్ల మడుగును ఈది, దారి కాచి మనుషులను రాళ్లుగా మార్చే మంత్రగత్తెను మాటల్లో పెట్టి తప్పించుకుని, నందకుడు తన భార్య వకుళతో కలిసి చివరకు కాంస్యపురి కోటగుమ్మంలో అడుగుపెట్టాడు గదా! ఇక వీళ్ల కష్టాలు గట్టెక్కాయని ఎవరైనా అనుకుంటారు. నందకుడూ అలాగే అనుకున్నాడు. మొసలికి ఆకలి తప్ప మరో ఉద్దేశం ఉండదు కాబట్టి దాన్ని తప్పించుకోవచ్చు. కొత్తగా ఊళ్లోకి వచ్చిన వాద్యకారుణ్ణి నవ్వుతూ కూర్చోబెట్టి, చల్లటి మజ్జిగ ఇచ్చి, "చూద్దాంలెండి" అనే పెద్దమనిషిని ఎలా తప్పించుకోవాలో ఆ అడవి అతనికి నేర్పలేదు.

కాంస్యపురి కంచు నగరం. కోటగోడలకు కంచు తాపడం, మేడల మీద కంచు కలశాలు, ప్రతి గుమ్మానికీ మనిషెత్తు గంటలు. పొద్దెక్కేసరికి ఊరంతా పొయ్యి మీద పెట్టిన పళ్లెంలా ధగధగలాడేది. కంచరుల వీధుల్లో తెల్లవారింది మొదలు సుత్తులు మోగుతూనే ఉండేవి. ఆ మోతలో పుట్టి, ఆ మోతలోనే పెళ్లాడి, ఆ మోతలోనే పిల్లల్ని కన్న నగరవాసులకు చెవులు సగమే పనిచేసేవి. కానీ ఆ సంగతి ఎవరూ ఒప్పుకునేవారు కాదు. తమది సంగీతానికి పుట్టిల్లని వాళ్ల గట్టి నమ్మకం. పాట బాగుందో లేదో చెవితో తేల్చుకోలేక, వింటున్నవాళ్ల తలలు ఎన్ని ఊగుతున్నాయో చూసి తేల్చుకునేవారు. తల ఊపుతున్నవాళ్లు పక్కవాళ్ల తలలు చూసి ఊపేవారు. మొదటి తల ఎందుకు ఊగిందో ఎవరికీ తెలియదు.

అలాంటి ఊరికి రాజుగారి ఏనుగులశాల వైద్యురాలిగా వకుళను పిలిపించారు. ఆమెకు కొలువుంది. నందకుడికి ఆమె ఉంది, భుజాన కిన్నెర ఉంది. పొడుగాటి వెదురు కర్రకు కింద మూడు సొరబుర్రలు, పైన తేనెమైనంతో అతికించిన మెట్లు, వాటి మీద రెండు తీగలు. పగలు అతను అంగడి వీధిలో కత్తులకు తోలు ఒరలు కుట్టేవాడు. ఎవరైనా పలకరిస్తే, "కిన్నెర వాయిస్తానండీ, ఒరలు కూడా కుడతాను," అని చెప్పుకునేవాడు. వినేవాళ్లకు రెండో సగమే గుర్తుండేది.

ముందు విద్వత్సభకు వెళ్లాడు. సభాపతి అతని కిన్నెరను చూడకుండా అతని చెప్పుల వంక చూసి, "మీ గురువుగారి గురువుగారెవరు?" అన్నాడు. నందకుడు చెప్పాడు. "వారి గురువుగారో?" అన్నాడు సభాపతి. అలా మెట్టు మెట్టుగా వెనక్కి వెళ్లి, ఎక్కడో ఒక గురువు పేరు తెలియదని తేలేసరికి సభాపతి తృప్తిగా నిట్టూర్చి మజ్జిగ తెప్పించాడు.

తరువాత పెళ్లిళ్లు కుదిర్చి పందిళ్లు వేయించే పేరయ్యను కలిశాడు. ఆయన చాలా ఆప్యాయంగా భుజం మీద చెయ్యి వేశాడు.

"వాయించు బాబూ, తప్పకుండా వాయించు. ఇవ్వడానికి ఏమీ లేదుగానీ, నీకు పేరొస్తుంది. ఒక్కటే మాట. చుట్టాలు మాట్లాడుకునేటప్పుడు ఆపెయ్యాలి."

"ఎప్పుడు మాట్లాడుకుంటారండీ?"

"వచ్చినప్పటి నుంచి వెళ్లేదాకా."

ఇక మిగిలింది గవరమ్మ పూటకూళ్ల ఇల్లు. మధ్యాహ్నం భోజనాల వేళ అక్కడ సంగీతం ఉంటుందని ఎవరో చెప్పారు. నందకుడు అటు పరుగెత్తాడు. దారిలో గంటల గుమ్మం నీడలో నీలిరాయి ముక్కుపుడక పెట్టుకున్న ఒకామె కూర్చుని మద్దెల వాయిస్తోంది. ఎదురుగా ఒక్క మనిషి లేడు. ఒక మేక ఉంది, అదీ ఆమె పరిచిన గుడ్డ కొస నములుతోంది. నందకుడి చెవి అటు తిరిగింది. 'ఎడమచెయ్యి కాస్త తొందరపడుతోంది,' అనుకున్నాడు. తనకన్నా ఆ చెయ్యి మంచిదేమోనన్న అనుమానం కలిగేలోపే అడుగు వేగం పెంచాడు. గవరమ్మ ఇంటికి ఆ మద్దెల కన్నా ముందు తాను చేరుకోవాలి.

గవరమ్మ పనసకాయంత కొప్పుతో గుమ్మంలో నిలబడి ఉంది. వాకిట్లో అరటాకులు కడుగుతున్నారు. నందకుడు కిన్నెర దించి తీగ మీద వేలు పెట్టబోయాడు.

"అదంతా ఎందుకు నాయనా!" అంది గవరమ్మ. "ఎన్ని తలలు తెస్తావు?"

"తలలా?"

"తలలే. ఊపే తలలు. నీ వెంట నలభై మంది వస్తే, వాళ్లను చూసి ఊరు వస్తుంది. ఊరొస్తే నా ఆకులు లేస్తాయి. నీ వాయిద్యం నాకెందుకు, నా ఇంట్లో గిన్నెలు మోగడం లేదా?"

"అమ్మా, నేను ఊరికి కొత్త. ఒకసారి వాయిస్తేనే కదా తలలు వచ్చేది?"

"తలలు తెస్తేనే కదా వాయించేది?" అంది గవరమ్మ, ఇంత చిన్న విషయం తెలియనివాడు ఏనుగుల వైద్యురాలికి ఎలా మొగుడయ్యాడా అన్నట్టు చూస్తూ.

ఆ సాయంత్రం వకుళ ఏనుగు తైలం వాసనతో ఇంటికి వచ్చేసరికి నందకుడు గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"ఏమయ్యా కిన్నెర మహారాజా, ఇవాళ ఎన్ని ముంతల మజ్జిగ?"

"నవ్వకు వకుళా. నాకు తలలు కావాలి."

"నా దగ్గర ఏనుగులున్నాయి. అవి రోజంతా తలలు ఊపుతూనే ఉంటాయి. తోలుకురానా?"

"నువ్వొస్తావా అసలు?"

"రాకేం? వీలైతే వస్తాను. ఆ పట్టపుటేనుగు మాత్రం నిన్నటి నుంచి మేత ముట్టడం లేదు."

వీలైతే అన్న మాట దగ్గర నందకుడి మనసు ముల్లు గుచ్చుకున్నట్టు ఆగింది. దాన్ని పైకి అనలేదు. పైకి అనని మాటలు మనిషిని ఎక్కడికి తీసుకుపోతాయో మరునాడే తెలిసింది.

మరునాడు అంగడికి ఒక మనిషి వచ్చాడు. తాటిచెట్టంత పొడుగు, బూడిద రంగు చర్మం, ఎంత తిప్పినా ఆగని మెడ. ఆ మెడ గుడ్లగూబ మెడలా వీపు దాకా తిరిగి వెనక్కి వచ్చింది. ఆయన వంకర కత్తి ఒకటి బల్ల మీద పెట్టాడు.

"దీనికి మంచి ఒర కావాలి. లోపల మెత్తటి గుడ్డ వెయ్యి. మెడలు కోసే కత్తి, గీతలు పడకూడదు." తరువాత గోడకు వేలాడే కిన్నెరను చూశాడు. ఆయన కళ్లు దీపాల్లా వెలిగాయి. "వాయిస్తావా! కొత్తగా వచ్చావా! తలలు దొరకడం లేదా!"

నందకుడు నోరు తెరిచాడు. ఈ ఊళ్లో తన గురించి మూడు ప్రశ్నలు వరసగా అడిగిన మొదటి మనిషి ఆయనే. అంతటితోనే అతనికి ఆ మెడ మీద జాలి, ఆ కళ్ల మీద అభిమానం కలిగాయి.

"నన్ను గ్రీవభైరవుడంటారు. తలలు అద్దెకిస్తాను. మేలురకం తలలు. నువ్వు ఏం వాయించినా ఊపుతాయి. బాడుగ అక్కర్లేదు. ఒకటే షరతు." ఆయన మెడ ఒక చుట్టు తిరిగింది. "ఆ కచేరీ ముగిసేదాకా ప్రాణమున్న మనిషి ఒక్కడైనా కూర్చుని వినాలి. నా తలలు లెక్కలోకి రావు. ఒక్కడు కూడా మిగలకపోతే, నీ తల నా బుట్టలోకి వస్తుంది. కచేరీ నడుస్తున్నంతసేపు మాత్రం నేను కత్తి దుయ్యను. దూస్తే మంత్రం నన్నే కొడుతుంది. నాకూ నియమాలున్నాయి."

తెలివైనవాడైతే ఇక్కడ లేచి పారిపోయేవాడు. నందకుడు నవ్వాడు. ఒక్కడు! ఇంత పెద్ద నగరంలో తన కిన్నెర వినడానికి ఒక్క మనిషి కూర్చోడా! అలా అనుకోవడమే పరువు తక్కువనిపించింది. మొసళ్ల మడుగులో దూకడానికి ముందు పూటంతా ఆలోచించిన మనిషి ఇక్కడ క్షణం కూడా ఆలోచించకుండా "సరే" అన్నాడు. ఆ సంగతి వకుళకు చెప్పలేదు. చెబితే, "ఆ ఒక్కదాన్ని నేనేగా?" అంటుంది. ఆ ఒక్కరు భార్య కాకూడదని అతని పట్టుదల.

తలలు తెస్తానని నందకుడు చెప్పగానే గవరమ్మ ఒప్పుకుంది. అనుకున్న రోజు వచ్చింది. మిట్టమధ్యాహ్నం గవరమ్మ వాకిట్లో పందిరి వేశారు. పందిరికి ముత్యాల్లాంటి మల్లెదండలు, స్తంభాలకు అరటిబోదెలు, నేల మీద పచ్చటి ఆకుల బారులు. నేతి వాసన వీధి చివర దాకా పాకింది. గ్రీవభైరవుడు పెద్ద తాటాకు బుట్ట తెచ్చి మూత తీసి ఏదో గొణిగాడు. బుట్టలోంచి తలలు ఒక్కొక్కటే లేచాయి. తలపాగాల తలలు, బట్టతలలు, పూలు ముడుచుకున్న తలలు. ఒక్కొక్క తల కింద పొగ కమ్ముకుని మనిషి ఆకారం కట్టింది. అవి వెళ్లి ముందు వరసల్లో బుద్ధిగా కూర్చున్నాయి.

నందకుడు తీగ మీటాడు. తలలన్నీ ఒక్కసారి ఊగాయి.

వీధిలో పోతున్న కంచరి ఒకడు అది చూసి ఆగాడు. "ఎవరో మహా విద్వాంసుడల్లే ఉంది," అన్నాడు. వెనకవాడు, "నాకు ముందే తెలుసు," అన్నాడు. గడియలో పందిరి నిండిపోయింది. మజ్జిగ సభాపతి పరుగున వచ్చి, "ఈయన గురుపరంపర నాకు బాగా తెలుసు," అని నలుగురికి చెప్పి ఆకు ముందు కూర్చున్నాడు. పందిళ్ల పేరయ్య, "మొదట చోటిచ్చింది నేనే," అని కన్నీళ్లు తుడుచుకున్నాడు. గవరమ్మ కొప్పు సంతోషంతో మరింత ఉబ్బింది.

నందకుడి వేళ్లు ఎగిరాయి. ఇన్నాళ్లూ ఒరలు కుడుతూ లోపల దాచుకున్నదంతా తీగల మీదికి దూకింది. వాయిస్తూ జనం వంక చూశాడు. జనం తలల వంక చూస్తున్నారు. తలలు ఊగితే ఊగుతున్నారు, ఊగుతూ తింటున్నారు. అతని వంక చూసింది పప్పు వడ్డించే మనిషి ఒక్కడే, అదీ, "కాస్త జరుగు బాబూ," అనడానికి.

పెరుగన్నం వచ్చింది. తిన్నవాళ్లు తిన్నట్టు లేచారు. సభాపతి చెయ్యి కడుక్కుని, "అద్భుతం," అని త్రేన్చి వెళ్లిపోయాడు. పేరయ్య నిద్రవేళ అయిందని వెళ్లాడు. నందకుడు వేగం పెంచాడు. లేచేవాళ్లూ వేగం పెంచారు. నెమ్మదించాడు. అయిపోయిందనుకుని మరికొందరు లేచారు. అతను గుమ్మం వంక చూశాడు. వకుళ ఏది? అప్పుడే ఏనుగులశాల మావటి ఒకడు గోడ మీంచి తల పెట్టి అరిచాడు. "అయ్యా! పట్టపుటేనుగు గుమ్మం గంట నాలుక మింగేసిందంట! అమ్మగారు దాని నోట్లో చెయ్యి పెట్టి ఉన్నారు. రావడానికి ఆలస్యమవుతుందని చెప్పమన్నారు!"

నందకుడు పందిరంతా కలయజూశాడు. పందిట్లో ఒకే ఒక్క మనిషి మిగిలాడు. లావుపాటి ధాన్యం వర్తకుడు, కళ్లు మూసుకుని, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకుని, కదలకుండా కూర్చున్నాడు. ఎంత తన్మయత్వం! నందకుడి కళ్లలో నీళ్లు తిరిగాయి. ప్రాణం పెట్టి ఆ ఒక్కడి కోసం వాయించాడు. వర్తకుడు మెల్లగా కళ్లు తెరిచాడు.

"పాయసం మారు వస్తుందా?"

"అయిపోయింది నాయనా," అంది గవరమ్మ.

"ముందే చెప్పొద్దూ!" అని ఆయన లేచి వెళ్లిపోయాడు. గవరమ్మ కూడా ఆకులెత్తించే పని చూసుకోవడానికి పెరట్లోకి పోయింది.

గుమ్మంలో గ్రీవభైరవుడు నిలబడ్డాడు. నందకుడు చక్కగా కుట్టిన ఒరలోని కత్తి పిడి మీద ఆయన చెయ్యి ఉంది. "కానివ్వు, కానివ్వు. తొందరేం లేదు. ఎప్పుడో ఒకప్పుడు ఆపాలిగా!"

నందకుడు ఆ కత్తి వంక చూశాడు. తీగ జారి, అపస్వరం ఒకటి కీచుమంది.

ఎదురుగా తలలన్నీ ఒక్కసారి మొహం చిట్లించాయి.

అతను ఉలిక్కిపడ్డాడు. కాంస్యపురిలో ఇన్నాళ్లుగా ఎన్నో తలలు ఊగడం చూశాడుగానీ, అపస్వరానికి చిట్లిన మొహం ఒక్కటీ చూడలేదు. ఈసారి కావాలని మరో తప్పు మీటాడు. ముందు వరసలోని మీసాల తల పళ్లు కొరికింది. పక్క తల, "గాంధారం, గాంధారం," అని గొణిగింది. అలా నొచ్చుకునే జాతి భూమ్మీద ఒక్కటే ఉంది.

వేళ్లు ఆపకుండానే నందకుడు ముందుకు వంగాడు. "అయ్యల్లారా, మీరంతా వాద్యకారులా?"

"వేణువు," అంది మీసాల తల. "తూర్పు తీరం నుంచి వచ్చాను. తలలు దొరకలేదు."

"గాత్రం. నాకూ దొరకలేదు."

"మరి ఒకరి కచేరీకి ఒకరు వెళ్లి కూర్చోలేకపోయారా?"

తలలు ఒకదాని వంక ఒకటి చూసుకున్నాయి. పొగ భుజాలు కుంచించుకుపోయాయి.

"తీరికేదయ్యా?" అంది మీసాల తల. "నా కచేరీ వెతుక్కోవడానికే పొద్దు చాలేది కాదు."

"పైగా ఆయన ఊదడం నాకు నచ్చదు," అంది గాత్రం తల.

చివరి వరస నుంచి ఒక గొంతు వినిపించింది. "నువ్వూ ఆగలేదుగా అన్నా. గంటల గుమ్మం దగ్గర."

నందకుడు చూశాడు. నీలిరాయి ముక్కుపుడక. నాలుగు రోజుల కింద కళ్ల ముందు మద్దెల వాయించిన మనిషి ఇప్పుడు తలగా, పొగ మీద కూర్చుని ఉంది. "నా పేరు సంపెంగి. పోతూ పోతూ ఇటు చెవి తిప్పావు. నా అదృష్టం అనుకున్నాను. ఎడమచెయ్యి తొందరపడిందనుకున్నావు కదూ? మొహంలోనే కనిపించింది. మేక కూడా వెళ్లిపోయింది. ఆ పక్కనే ఈయన బుట్ట పట్టుకుని నిలబడ్డాడు."

అడవిలో మంత్రగత్తె రాయిగా మార్చబోయినప్పుడు కూడా నందకుడు అంతలా బిగుసుకుపోలేదు. తన తల ఆ బుట్టలో ఏ మూల పడుతుందో, ఎవరి కచేరీకి ఊగుతుందో అతనికి స్పష్టంగా కనిపించింది. ఆ తలలన్నిటికీ ఏ రోగమో తనకూ అదే.

అతను ఆఖరి మీటు మీటి, అది మోగుతుండగానే అన్నాడు. "సంపెంగీ, అందుకో!"

"చేతులు లేవన్నా!"

"నోరుందిగా!"

కిన్నెర మోత ఇంకా గాలిలో ఉండగానే సంపెంగి జతి అందుకుంది. తకిట తకధిమి అంటూ నోటితోనే మద్దెల పలికించింది. నందకుడు కిన్నెర పక్కన పెట్టి, తలల వరసలోకి వెళ్లి చతికిలబడ్డాడు.

గ్రీవభైరవుడు కత్తి పిడి బిగించాడు. "ఆపావు! కచేరీ అయిపోయింది!"

"ఎక్కడయిపోయింది? వినబడడం లేదా? ప్రాణమున్న మనిషి ఒక్కడు చివరిదాకా కూర్చుని వినాలన్నావు. ఇదిగో, కూర్చున్నాను. కాస్త పక్కకు జరుగు, అడ్డంగా ఉన్నావు."

మాంత్రికుడి మెడ గిర్రున తిరిగింది. ఒక చుట్టు, రెండు చుట్లు. షరతులో ఎక్కడైనా సందు దొరుకుతుందేమోనని వెతికాడు. చెయ్యి కత్తిని అంగుళం లాగింది, వెంటనే వేళ్లు కాలి పిడి వదిలేసింది.

నందకుడు విన్నాడు. మొదట్లో తప్పులు వెతుకుతూ విన్నాడు. ఎడమచేతి దెబ్బలు పలికేచోట ఆ తొందర అలాగే ఉంది. కాసేపటికి అది తొందర కాదని, తరువాత రాబోయే దెబ్బకు ముందుగా తీసుకునే ఊపిరి అని అర్థమైంది. ఆ తరువాత తన ఒళ్లో కిన్నెర లేదన్న సంగతే మరిచిపోయాడు. జతి ముగింపు మూడుసార్లు తిరిగి చివరి దెబ్బ మీద పడింది. సంపెంగి కింద పొగ గడ్డకట్టి ఒళ్లయింది. కాళ్లు, చేతులు, చేతులకు గాజులు. ఆమె రెండు అరచేతులూ తిప్పి చూసుకుని, ఎక్కడా ఆగకుండా నేల మీదే తాళం అందుకుంది, కచేరీ తెగిపోకుండా.

అంతే! పందిరంతా గోల.

"తరువాత నేను!"

"నేను ముందొచ్చాను!"

"వేణువుకు పెదాలు చాలు, నన్ను ఊదనివ్వండి!"

గ్రీవభైరవుడు అప్పుడు నవ్వాడు. ఆ నవ్వుకు మల్లెదండలు వాడిపోయాయి. "భేష్. అందర్నీ వినాలి మరి. ఒక్కరిని వదిలినా కచేరీ సగంలో ఆగినట్టే. వినడమంటే వినడమే. కునుకు తీశావో, ఒక్క ఆవులింత ఆవులించావో, నీ తల నాది. ఈ గాజుల పిల్ల తల కూడా మళ్లీ నాదే." బుట్ట అడుగున చెయ్యి పెట్టి, ఇందాక బయటికి రాని తల ఒకటి తీశాడు. తెల్లటి గడ్డం, నుదుటి నిండా విభూతి, నేలను చూడని కళ్లు. "వీరు నా మొదటి తల. వీరి కచేరీ మూడో రోజుకుగానీ వేడెక్కేది కాదట. పండితవర్యా, కానివ్వండి."

వృద్ధ పండితుడు కళ్లు మూసుకుని, "ముందుగా నా గురుపరంపర గురించి రెండు మాటలు," అన్నాడు.

అప్పుడే పెరటి గోడ పెళపెళమని కూలింది. పట్టపుటేనుగు లోపలికి వచ్చింది. మోచేతి దాకా జిగురుతో, చేతిలో కంచు గంట నాలుకతో, దాని మెడ మీద వకుళ.

"ఏమయ్యా, అయిపోయిందా? నాకోసం ఆగలేదా?" అంది. ఆ తలలనూ, పొగనూ, కత్తినీ, చెమటతో తడిసిన మొగుణ్ణీ వరసగా చూసింది. "ఏం చేశావు నువ్వు?"

"నాది అయిపోయింది వకుళా. అంతా తరువాత చెబుతాను, తిట్టడానికి బోలెడంత ఉంది. ముందు వచ్చి కూర్చో. నా పక్కనే కూర్చో. కళ్లు వాలితే గిల్లు."

ఆ ఒక్కరు ఎవరైనా ఫరవాలేదని అతనికి మొదటిసారి అనిపించింది. వకుళ ఏనుగు దిగి, ఇంకేమీ అడగకుండా అతని పక్కన కూర్చుని, జిగురు చేత్తోనే అతని జబ్బ పట్టుకుంది. సంపెంగి తాళం వేస్తూనే ఉంది. గ్రీవభైరవుడు గడప మీద చతికిలబడి, ఒర మీద చెయ్యి వేసుకుని, కళ్లార్పకుండా నందకుడి నోటి వంక చూస్తున్నాడు.

వృద్ధ పండితుడు తన ముత్తాత గురువుగారి బాల్యం దగ్గరికి వచ్చాడు. ఎండ మెత్తబడింది. నేతి వాసన, తిన్నవాళ్లు వదిలిన అరటాకుల చల్లదనం, ఏనుగు చెవుల గాలి. నందకుడికి కడుపులో ఎక్కడో పుట్టిన ఆవులింత ఒకటి నెమ్మదిగా పైకి బయలుదేరింది. పళ్లు బిగించాడు. అది ఛాతీ దాటింది.

మెడ దాకా వచ్చింది.